అమ్మ కోసం రాసుకున్న చిన్న ప్రోగ్రాం

అమ్మానాన్నలు కాలిఫోర్నియాలో మేముండే ఫ్రీమాంట్ వచ్చినప్పుడల్లా ఎక్కడో ఒకచోట టెంటు వేస్తాం. పోయినసారి వెళ్ళిన చోట మంచినీళ్ళ కొళాయి లేదు. మోకాళ్ళ నొప్పితో అమ్మ చీకట్లో మరుగుదొడ్డి వెతుక్కుంటూ నడవడం చూసి నా ప్రాణం ఉసూరుమంది. తిరిగొచ్చాక ఆ వారాంతమే కూర్చుని పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఒక ప్రోగ్రాం రాశాను.

అమెరికాలో జాతీయ పార్కులు చూసుకునే నేషనల్ పార్క్ సర్వీస్ తన సమాచారాన్ని ఏపీఐ ద్వారా, అంటే ప్రోగ్రాంలు నేరుగా అడిగి తెచ్చుకునే దారిలో, అందరికీ ఉచితంగా ఇస్తుంది. ఈమెయిల్ ఇస్తే కీ, అంటే అలా అడగడానికి వాడే రహస్య కోడ్, వస్తుంది. ప్రతి పార్కుకీ నాలుగక్షరాల కోడ్: యోసెమిటీకి వై, ఓ, ఎస్, ఈ. ఆ కోడ్‌తో అడిగితే అక్కడ టెంట్లు వేసుకునే క్యాంప్‌గ్రౌండ్ల వివరాలన్నీ జేసన్ రూపంలో, అంటే ప్రోగ్రాం సులువుగా చదవగలిగే పాఠంగా, వచ్చేస్తాయి. తాగునీరు ఉందా, మరుగుదొడ్డి ఫ్లష్ ఉన్నదా లేనిదా, ఫోను సిగ్నల్ అందుతుందా, చక్రాల కుర్చీకి దారి ఉందా, అన్నీ. నా ప్రోగ్రాం అందులోంచి అమ్మకి కావలసినవి మాత్రం ఏరి తెలుగులో చూపిస్తుంది.

ఆహారం దాచే లాకర్లు ఉన్నాయా అన్న వివరాన్ని అన్నిటికంటే పైన చూపించేలా పెట్టాను. యోసెమిటీలో ఎలుగుబంట్లు తిరుగుతాయి, వాసనొచ్చేదేదైనా ఇనుప పెట్టెలో పెట్టి గడియ వేయాల్సిందే. ఆవకాయ జాడీ కూడా!

ఖాళీలు మాత్రం ఇందులో తెలియవు, బుకింగ్‌కి రిక్రియేషన్ డాట్ గవ్ అనే వెబ్‌సైటుకి వెళ్ళాలి.

నిన్న వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని, "నీళ్ళున్నాయన్నమాట. అయితే వస్తాంరా" అంది.