పేపర్ ముక్క అతుక్కుంది

ఇంజన్ నీళ్లను చల్లబరిచే రేడియేటర్ ముందు పేపర్ ముక్క పట్టుకోగానే టప్పున జాలీకి అతుక్కుపోయింది, అప్పుడు ఊపిరి పీల్చుకున్నా. అంటే లారీకి కొత్తగా బిగించిన కరెంటు ఫ్యాన్ గాలిని లోపలికే లాగుతోంది, వైర్లు తిరగబడలేదు.

ఇన్నేళ్లూ మా నాన్న చిన్న లారీకి ఇంజన్‌తో పాటు తిరిగే బెల్టు ఫ్యానే. హైవే మీద ఏ ఇబ్బందీ లేదు. చీమకుర్తిలో గ్రానైట్ పలకలు ఎక్కించుకుని ఒంగోలు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటేనే టెన్షన్, ఎందుకంటే బండి ఆగితే ఇంజన్ మెల్లగా తిరుగుతుంది, దాంతోపాటే ఫ్యానూ, సరిగ్గా గాలి కావాల్సినప్పుడే గాలి ఉండదు. పోయిన మే నెలలో నడిరోడ్డు మీద బానెట్ ఎత్తి, ఆవిరి తగ్గేదాకా నాన్న ఎండలో నిలబడ్డాడు. అది చూశాక నా మనసు ఊరుకోలేదు, దాని బదులు కరెంటు ఫ్యాన్ పెట్టిద్దామనుకున్నా.

మెకానిక్ అన్న ఒక్కటే పట్టు పట్టాడు. "తమ్ముడూ, స్విచ్‌కి డైరెక్టుగా ఇవ్వొద్దు, కాలిపోద్ది." ఇరవై ఆంప్స్ పైనే లాగే ఫ్యాన్ మరి. బ్యాటరీ నుంచి లావు వైరు, దాని మొదట్లోనే ఫ్యూజు, స్విచ్ మీద భారం పడకుండా ఫ్యాన్‌కి కరెంటు అందించే 40 ఆంప్స్ రిలే, వేడి చూసి ఆన్ చేసే సెన్సార్. వాటర్ పంపు బెల్టు మాత్రం అలాగే ఉంచాం, నీళ్లు తిప్పేది అదే కదా.

పాత ఫ్యాన్‌ని నాన్న పారేయనివ్వలేదు. గుడ్డతో తుడిచి సీటు వెనక పెట్టుకున్నాడు.

సాయంత్రం లోడుతో కర్నూలు రోడ్డులో ఆగాం. వేడి చూపించే మీటరు సూది కొంచెం పైకి లేచింది, ఫ్యాన్ గుయ్యిమంది, సూది మళ్లీ దిగింది. నాన్న ఏమీ అనలేదు, మీటరు వైపు వేలు చూపించాడు, అంతే.