నాన్నగారి స్వెట్టరుకి ఏడు చిల్లులు

మా నరసాపురం వైపు స్వెట్టరుతో పని పడేది ధనుర్మాసంలో ఓ ఇరవై రోజులు. మిగతా కాలమంతా అది బీరువా అడుగునే. నాన్నగారు బదరీనాథ్ యాత్రకని కొనుక్కున్న ఉన్ని స్వెట్టరు మొన్న డిసెంబరులో తీస్తే ఏడు చిల్లులు! కాలరు దగ్గర నాలుగు, పొట్టమీద ఎప్పుడో చక్రపొంగలి ఒలికిన చోట మూడు. చిమ్మట పురుగులు చెమట, తిండి మరక ఉన్నచోటే కొరికాయి. ఉతక్కుండా మడిచిపెట్టింది నేనే.

కనపడ్డ చిమ్మటనల్లా చెప్పుతో కొట్టాను గానీ, ఎగిరేవి ఉన్ని తినవు. తినేది వాటి పిల్ల పురుగులు. తడిగోడల మీద బూడిదరంగు గుమ్మడిగింజలా ఓ సంచీ పాకుతుంది చూడండి, అదీ ఆ బాపతే. సాలెగూళ్లు తింటుంది, దొరికితే ఉన్నీ తింటుంది. మా బీరువా వెనక పదో పన్నెండో ఉన్నాయి.

కలరా ఉండలు వేశాగా అని నా ధీమా. తలుపు సరిగ్గా పడని బీరువాలో వాటి ఆవిరి నిలవదు. పైగా ఇంట్లో పసిపిల్ల ఉంది, ఆ వాసన మంచిది కాదని ఈసారి మానేశాను.

ఎండలో వేసి, కుట్ల వెంట బ్రష్‌తో దులిపాను. మిగిలిన గుడ్లు చావాలంటే గడ్డకట్టే చలి కావాలి. సందు చివర కొట్లో ఐస్‌క్రీం ఫ్రీజరు మైనస్ 18 చూపిస్తుంది. కవర్లో గాలి లేకుండా చుట్టి పట్టుకెళ్తే, "చేపలాండీ?" అన్నాడు కొట్టాయన. వారం రోజులు కుల్ఫీల కింద ఉంది. తెచ్చాక మర్నాటిదాకా కవరు విప్పలేదు, లేకపోతే మన గాలిలో తేమంతా చల్లటి ఉన్నిమీద నీరుగా దిగుతుంది. తర్వాత షాంపూ నీళ్లలో ఉతికి, మెలిపెట్టకుండా తువ్వాల్లో నొక్కి, మంచం మీద పరిచి ఆరబెట్టాను.

అక్కడే తప్పు చేశాను. "ఉతికే ముందు నా దగ్గరికి తేవద్దూ?" అని కేకలేశారు ఎదురింటి పిన్నిగారు. లేసు అల్లే చెయ్యి ఆవిడది. అప్పటికే పోగులు జారి ఓ చిల్లు రూపాయి బిళ్లంత అయింది. జారే మెలికలన్నిటినీ ముందు సన్నటి దారంతో పట్టి, లోపలి కుట్టు దగ్గర మిగిలిన ఉన్ని లాగి, లేసు సూదితో వరసకి వరస కలిపారు. మెడకి గుచ్చుకుంటుందని ఎక్కడా ముడి వెయ్యలేదు. పెద్దదానికి ఉన్ని చాలక నా పాత మఫ్లరు విప్పాం. రంగు కాస్త తేడా వచ్చింది.

భోగినాడు తెల్లారుజామున మంట దగ్గరికి నాన్నగారు అదే వేసుకొచ్చారు. అతుకు ఎవరికీ కనపడలేదని నేను మురుస్తుంటే, ఆయన అరుగు గోడకేసి చెయ్యి చూపించి, "ఒరేయ్, అదిగో ఇంకోటి పాకుతోంది" అన్నారు.