14 సంపుటాల ‘వీల్ ఆఫ్ టైమ్’: భిన్నాభిప్రాయాల మధ్య నా పఠనానుభవం

అమెరికన్ రచయిత రాబర్ట్ జోర్డన్ ఫాంటసీ నవలామాల ‘వీల్ ఆఫ్ టైమ్’ మొదలుపెడుతున్నానని చెప్పగానే నాకు ముందుగా అందినవి హెచ్చరికలే. మా బావగారు 1990లలో అమెరికాలో చదువుకుంటున్నప్పటి నుంచి ఈ నవలలను వెలువడిన వరుసలోనే చదివినవారు. “ఆరో పుస్తకం దాకా కళ్లు మూసుకుని చదువు, తర్వాత పదోదాన్ని ముట్టుకోకు” అన్నారాయన. నవలలన్నీ పూర్తయ్యాక ఏకబిగిన చదివిన మా ఆఫీసు కుర్రవాడు మాత్రం, పదో పుస్తకం గురించి జనం ఎందుకంత గోల చేస్తారో తనకు అర్థం కాలేదన్నాడు. ఇద్దరూ చదువరులే, ఇద్దరి అభిరుచీ నాకు తెలిసినదే. ఇద్దరి మాటా నిజం కాగలదా అన్న సందేహంతోనే, ఒక్క అధ్యాయం కూడా వదలకుండా చదవాలని నిశ్చయించుకున్నాను.

1990 జనవరిలో వచ్చిన ‘ది ఐ ఆఫ్ ది వరల్డ్’తో మొదలై, 2013 జనవరిలో వచ్చిన ‘ఎ మెమరీ ఆఫ్ లైట్’తో ముగిసిన 14 సంపుటాలు, వాటికి తోడు 2004లో వచ్చిన ‘న్యూ స్ప్రింగ్’ అనే పూర్వకథ, అన్నీ కలిపి 40 లక్షల పదాలకు పైమాటే. పూర్వకథ కాలక్రమంలో అన్నిటికంటే ముందుదే అయినా, రచయిత దానిని పదో సంపుటం తర్వాత ప్రచురించాడు. ముందే చదివితే మొదటి నవలలో మొయిరేన్ అనే స్త్రీ ఎవరన్న రహస్యం సగం తెలిసిపోతుంది కనుక, నేను ప్రచురణ క్రమాన్నే పాటించాను. పేరున్న పాత్రలే రెండు వేలకు పైగా ఉన్నాయి కనుక ఒక నోటుపుస్తకం కూడా పెట్టుకున్నాను. ప్రతి సంపుటం చివరా పదకోశం ఉంటుంది గానీ, మనం ఎప్పుడో మరిచిపోయిన చిల్లర పాత్ర ఐదు వందల పేజీల తర్వాత తిరిగి వచ్చినప్పుడు అది ఆదుకోదు.

మొదటి ఆరు సంపుటాల గురించి పెద్ద వివాదమేమీ లేదు, నాకూ ఇబ్బంది కలగలేదు. యుగాలు చక్రంలా తిరుగుతూ మళ్లీ మళ్లీ వస్తాయన్న పునాది ఆలోచనను అమెరికన్ పాఠకుడు నేర్చుకుని ఒంటబట్టించుకోవాలేమో గానీ, పూజలో కూర్చున్న ప్రతిసారీ సంకల్పంలో మన్వంతరాన్నీ కలియుగాన్నీ ప్రథమపాదాన్నీ చెప్పుకునే మనకు అందులో వింత ఏమీ కనబడదు. ఒక యుగంలో జరిగినది మరో యుగానికి పురాణమై, చివరకు మరుపున పడిపోతుందన్న భావాన్ని జోర్డన్ ఎంత దూరం తీసుకువెళ్లాడో చూసి మాత్రం ఆశ్చర్యపడ్డాను.

అసలు పరీక్ష ఏడో సంపుటం నుంచి మొదలైంది. బావగారి కోపానికి కారణం ఇక్కడే తెలిసింది. ఎనిమిదో నవల ‘ది పాత్ ఆఫ్ డాగర్స్’ 1998లో వచ్చింది. దాని చివర, ముఖ్య పాత్రల్లో ఒకడైన పెరిన్ భార్య ఫెయిల్‌ను షైడో తెగవారు ఎత్తుకుపోతారు. ఆమె విడుదలయ్యేది 2005లో వచ్చిన పదకొండో నవల ‘నైఫ్ ఆఫ్ డ్రీమ్స్’లో. అంటే వరుసగా కొన్న పాఠకుడు ఒక్క అపహరణ తేలడానికి ఏడేళ్లు ఎదురుచూశాడన్నమాట. పైగా అందరికీ ఇష్టుడైన మ్యాట్ ఎనిమిదో నవలలో ఒక్క పేజీలోనైనా కనిపించడు. అతడు ఏమయ్యాడో తెలుసుకోవడానికి 2000లో వచ్చిన ‘వింటర్స్ హార్ట్’ దాకా ఆగవలసిందే. ఆ తొమ్మిదో నవల ముగింపులో కథానాయకుడు రాండ్ ఈ లోకపు మాంత్రిక శక్తి స్వరూపాన్నే మార్చివేసే మహాకార్యం తలపెడతాడు. దాని ఫలితం కోసం రెండేళ్లకు పైగా నిరీక్షించిన పాఠకుడి చేతికి 2003లో ‘క్రాస్‌రోడ్స్ ఆఫ్ ట్వైలైట్’ వచ్చింది. అందులో కథ ముందుకు సాగదు. మిగతా పాత్రలు అదే సమయంలో ఎక్కడెక్కడ ఏం చేస్తున్నాయో చెబుతూ, దూరాన పుట్టిన ఆ శక్తి ప్రకంపనను ఒక్కొక్కరూ ఎలా గమనించారో చూపుతూ వెనక్కి నడుస్తుంది. రాండ్ అక్కడక్కడా తొంగిచూసి వెళ్లిపోతాడు.

నాకు ఆ రెండేళ్ల నిరీక్షణ లేదు. తొమ్మిదోది మూసి పదోది తెరిచాను కనుక, కుర్రవాడు చెప్పినట్టే నాకు కోపం రాలేదు. అంతమాత్రాన తప్పంతా నిరీక్షణదేనని తేల్చడం కూడా సరికాదనిపించింది. రాకుమారి ఎలైన్ సింహాసనం కోసం సామంతుల మద్దతు కూడగట్టే అధ్యాయాలు ఏ వేగంతో చదివినా బరువుగానే ఉంటాయి. ఎవరు ఏ రంగు పట్టు కట్టారో, దాని మీద ఏ కుట్టుపని ఉందో చెప్పే పేరాలను కత్తిరించి ఉంటే నష్టపోయేవారెవరూ లేరు. నిరీక్షణ ఈ లోపాన్ని పెద్దది చేసి చూపిందే తప్ప పుట్టించలేదు. కథ నెమ్మదించినందుకు నాకు బాధ లేదు. ఏడు చోట్ల నడుస్తున్న కథలన్నీ ఒకేసారి నెమ్మదించడమే అసలు లోపమని నా అభిప్రాయం.

ఈ భాగాన్ని దాటడానికి నాకు ఉపకరించినది ఆడియో. మైఖేల్ క్రామర్, కేట్ రీడింగ్ అనే దంపతులు పురుష పాత్రల దృష్టితో సాగే అధ్యాయాలను ఒకరు, స్త్రీ పాత్రల అధ్యాయాలను ఒకరు పంచుకుని చదివారు. కంటితో చదివితే విసిగించే వర్ణన, వంటింట్లో పని చేసుకుంటూ వింటే హాయిగా సాగిపోయింది. అయితే విన్నప్పుడు పునరుక్తులు మరింత తెలిసివస్తాయి. నైనీవ్ తన జడను ఎన్నిసార్లు లాక్కుందో, ఎందరు స్త్రీలు ఎన్నిసార్లు పావడా సవరించుకున్నారో వినీవినీ నవ్వు ఆపుకోలేకపోయాను. స్త్రీ పాత్రల విషయంలో పాఠకుల్లో మరో చీలిక ఉంది. రాజ్యాలూ మంత్రశక్తీ స్త్రీల చేతిలో ఉన్న లోకాన్ని సృష్టించాడని మెచ్చుకునేవారు ఒక పక్షం, ఆ స్త్రీలందరూ ఒకే తీరులో కసురుకుంటారని ఆక్షేపించేవారు మరో పక్షం. ఎగ్వేన్ కథ చివరిదాకా చదివాక నేను మొదటి పక్షానికే ఎక్కువ దగ్గరయ్యాను, కానీ రెండో పక్షం మాటను కొట్టిపారేయలేను.

‘నైఫ్ ఆఫ్ డ్రీమ్స్’తో కథ మళ్లీ పరుగందుకుంటుంది. అదే జోర్డన్ పూర్తిచేసిన ఆఖరి సంపుటం. 2007 సెప్టెంబరులో, అమిలాయిడోసిస్ అనే అరుదైన వ్యాధితో ఆయన మరణించాడు. ఆయన భార్య, ఈ నవలల సంపాదకురాలు అయిన హారియట్ మక్‌డూగల్ ఎంపిక మీద బ్రాండన్ శాండర్సన్ ఆ బాధ్యత తీసుకున్నాడు. జోర్డన్ ఒక్క నవలగా అనుకున్న ముగింపు, ఆయన విడిచిన రాతలూ టిప్పణుల ఆధారంగా మూడు నవలలైంది. పన్నెండో సంపుటం తెరవగానే వాక్యాలు పొట్టివయ్యాయి, సన్నివేశాలు చకచకా మారాయి. పట్టుబట్టల వర్ణన మాయమైంది. హాయిగా ఉన్నా, మ్యాట్ విషయంలో మాత్రం నాకు ముల్లు గుచ్చుకున్నట్టయింది. తనకు తెలియకుండానే నవ్వించే మనిషి, ఇక్కడ హాస్యమాడాలని ప్రయత్నిస్తున్నట్టు మాట్లాడతాడు. అతడి స్వరాన్ని మొదట్లో సరిగా పట్టుకోలేకపోయానని శాండర్సన్ తరువాత తానే అంగీకరించాడు. బావగారు ఈ మూడింటినీ ఎంతో మెచ్చుకుంటారు, నేను ఆఖరి రెండింటినే మెచ్చుకుంటాను. చివరి నవలలోని 37వ అధ్యాయం, ఒక్క యుద్ధమే దాదాపు రెండు వందల పేజీలు సాగుతుంది, నన్ను తెల్లవారేదాకా మేల్కొలిపి ఉంచింది. పది సంపుటాల కిందట నోటుపుస్తకంలో రాసుకున్న చిల్లర పేర్లు అక్కడ ఒక్కొక్కటిగా నేలకొరుగుతుంటే, పదో పుస్తకం వదిలినవారికి ఆ మరణాల్లో కొన్ని వట్టి పేర్లుగానే మిగులుతాయని తోచింది. ఈ మాట బావగారితో అంటే, “కావచ్చు, అయినా ఆ రెండేళ్లు నాకెవరిస్తారు?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

2021లో మొదలైన అమెజాన్ ప్రైమ్ సిరీస్ మూడో సీజన్‌తో 2025లో నిలిచిపోయాక, ఆ తరువాతి కథ కోసం పుస్తకాల వైపు వస్తున్నవారు ఇప్పుడు నన్ను సలహా అడుగుతున్నారు. మూడో సీజన్ ప్రధానంగా నాలుగో నవల ఆధారంగా తీసినదే కనుక, ఐదో నవల నుంచి మొదలుపెట్టవచ్చా అన్నది వారి ప్రశ్న. వద్దనే చెబుతున్నాను. సిరీస్ మొదటి భాగంలోనే చనిపోయే పెరిన్ భార్య ఫెయిల్ కాదు, వేరొకామె; నవలల్లో ఆమె అతడి భార్యగా ఎక్కడా లేదు. అలాంటి మార్పులు అడుగడుగునా ఉన్నాయి. మొదటి నవలతోనే మొదలుపెట్టి, నాలుగోది పూర్తయ్యేసరికి కూడా ఈ లోకం మీద ఆసక్తి పుట్టకపోతే నిరభ్యంతరంగా ఆపేయమంటున్నాను. పుడితే మాత్రం ఏడు నుంచి పది దాకా మధ్యలో విరామం ఇవ్వకుండా, వీలైతే వింటూ దాటమంటున్నాను.