మిద్దెకు సున్నం, వాటాకు పాతిక వేలు

మాది కడపలో ఎర్రముక్కపల్లి వైపు, పన్నెండు ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. మేముండేది నాలుగో అంతస్తు, అంటే నెత్తిన స్లాబు, దాని మీద సూర్యుడు. మే నెలలో రాత్రి ఏడైనా కుళాయి నీళ్లు చెయ్యి పెట్టనివ్వవు. పగలంతా కాంక్రీటు మింగిన ఎండ అర్ధరాత్రి దాకా ఫ్యాను గాలిలో దిగుతూనే ఉంటుంది. జమ్మలమడుగు దగ్గర మా అమ్మమ్మ వాళ్లది చౌడు మిద్దె. ఇదే ఎండల్లో మధ్యాహ్నం భోజనం చేసి దాని కింద హాయిగా కునుకు తీసేవాళ్లం. ఆ మట్టి మందాన్ని పోగొట్టుకుని ఇప్పుడు ఏసీల ధరలు కనుక్కుంటున్నాం.

ఏసీ కొనేముందు ఇంటినే చల్లబరచుకుందామని నిరుడు మార్చిలో మొదలుపెట్టాను. పర్యావరణం మీద ప్రేమ ఎంతో, కరెంటు బిల్లంటే భయమూ అంతే.

మొదట మిద్దె. వేడిని తిప్పికొట్టే తెల్ల రంగు వేయడానికి మూడు వేల చదరపు అడుగులకు కూలితో కలిపి డెబ్భై అయిదు వేలు అడిగారు. మీటింగు పెట్టాం. "మాకు చల్లగానే ఉంది కదమ్మా" అన్నారు కింది అంతస్తువాళ్లు. నిజమే, వాళ్ల నెత్తిన మా ఇల్లే గొడుగు. సరే, సున్నమే వేద్దామనుకున్నాం. తొమ్మిది వేలలో అయిపోతుంది. పై అంతస్తులో మూడు ఫ్లాట్లు, తలా మూడు వేలు. మూడో ఫ్లాటులో అద్దెకున్న అబ్బాయి మందుల షాపులో పని చేస్తాడు. ఇంటాయన ఉండేది బెంగళూరులో. ఫోను చేస్తే, "వేడి మీకు కదా, మీరే చూసుకోండి" అన్నాడట. "డబ్బు ఇవ్వలేను అక్కా, చెయ్యి వేస్తాను" అన్నాడు ఆ అబ్బాయి.

సున్నపు రాళ్ల మీద నీళ్లు పోయగానే కుతకుత ఉడికాయి. ప్లాస్టిక్ బకెట్టు అడుగు మెత్తబడి ఒక పక్కకు ఒరిగింది. ఇనుప డ్రమ్ము అరువు తెచ్చి, రాత్రంతా నానబెట్టి, పాత చీరతో వడగట్టి, ఫెవికాల్ కలిపాం. మిద్దె ఊడ్చి కడిగి, తడి ఆరకముందే ఒక పూత నిలువుగా, మర్నాడు ఇంకోటి అడ్డంగా. ఎనిమిది దాటితే కుంచె సాగదు, అంత తొందరగా ఆరిపోతుంది. ఆ తెలుపును చూడలేక కళ్లు చెమర్చాయి. రెండు పొద్దులూ మా అందరికంటే ఎక్కువ పూసింది ఆ అబ్బాయే. నాలుగు రోజుల తర్వాత పడకగది థర్మామీటరు మునుపటికంటే రెండు డిగ్రీలు తక్కువ చూపింది. ఇంతేనా అనకండి, ఆ రెండు డిగ్రీలతోనే నిద్ర పట్టింది.

ఫ్యాన్లు కూడా మార్చాను. పాతవి డెబ్భై అయిదు వాట్లు, తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ మోటారువి ముప్ఫై లోపు. ధర మాత్రం రెట్టింపు కాబట్టి రాత్రంతా తిరిగే రెండు గదులకే పెట్టించాను.

అసలు తిప్పలు సోలారుతో. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో సొంత మిద్దె ఉన్నవాళ్లకు మొదటి రెండు కిలోవాట్లకు ముప్ఫై వేల చొప్పున, మూడు కిలోవాట్లకైతే మొత్తం డెబ్భై ఎనిమిది వేల సబ్సిడీ ఉంది. మా మిద్దె పన్నెండు మందిది. అందుకని లిఫ్టు, మోటారు, మెట్ల దీపాల మీటరుకే పెట్టుకున్నాం. మాలాంటి అపార్ట్‌మెంట్ సంఘాలకిచ్చేది కిలోవాటుకు పద్దెనిమిది వేలే.

తీరా చూస్తే ఆ మీటరు ఇంకా బిల్డరు పేరు మీదే ఉంది! తొమ్మిదేళ్లుగా బిల్లు కడుతున్నాం, పేరు ఎవరూ చూడలేదు. ఆయన సంతకం కోసం ఆరుసార్లు తిరిగాను. సంఘాన్ని రిజిస్టరు చేయించి, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా తెచ్చి, తీర్మానం రాసి సంతకాలు సేకరించేసరికి నాలుగు నెలలు. పది కిలోవాట్ల దాకా సాంకేతిక పరిశీలన అక్కర్లేదన్న నిబంధన ఒక్కటే మాకు కలిసొచ్చింది.

అయిదు కిలోవాట్లకు మూడు లక్షలు, అంటే ఫ్లాటుకు పాతిక వేలు. సబ్సిడీ తొంభై వేలు, కానీ ముందు మనం పెట్టుకోవాలి. మనం వాడుకునే కరెంటునూ, మిగిలి లైనుకు పంపేదాన్నీ లెక్కించే నెట్ మీటరు బిగించాకే అది ఖాతాలో పడుతుంది. తర్వాత వచ్చే ఏడున్నర వేల కోసం ఇప్పుడు పాతిక వేలు తీయలేనివాళ్లు మాలోనే ఇద్దరున్నారు. పెన్షను మీద బతికే పెద్దాయన మీటింగులో ఏమీ అనలేదు, మర్నాడు పొద్దున మా తలుపు కొట్టాడు. వాళ్లిద్దరికీ పది నెలల వాయిదాలు పెట్టి, మిగతాది మేం సర్దాం.

ఇప్పుడు మెయింటెనెన్సు పదిహేను వందల నుంచి పన్నెండు వందలకు దిగింది. సబ్సిడీ పోను పెట్టింది తిరిగి రావడానికి అయిదేళ్లు. బెంగళూరు ఇంటాయన కూడా పాతిక వేలు కట్టాడు. కట్టి, సోలారు వచ్చిందని అద్దె అయిదు వందలు పెంచాడు. మూడు వందలు తగ్గిన అబ్బాయికి రెండు వందలు పైన పడింది. కొన్నాళ్లకు అతను ఇల్లు ఖాళీ చేశాడు.

ఈ మార్చిలో మళ్లీ సున్నం నానబెడుతుంటే అతని ఫోను. కొత్త ఇల్లు కూడా పై అంతస్తేనట.

"అక్కా, డ్రమ్ముకు ఫెవికాల్ ఎంత కలిపాం?"

చెప్పాను. ఇంటాయన ఒప్పుకున్నాడా అంటే, ఇంకా అడగలేదన్నాడు.