ఎర్ర ఫిల్టరు దగ్గర తప్పిన లెక్క: నా అనుభవం

ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి సెమిస్టరులో నాకు వచ్చిన ప్రయోగాల్లో ప్లాంక్ స్థిరాంకం (కాంతి పౌనఃపున్యాన్ని దేనితో గుణిస్తే దాని ఒక్కో రేణువు శక్తి వస్తుందో ఆ సంఖ్య) కనుక్కోవడం ఒకటి. పరికరం చిన్నదే: నల్లటి డబ్బాలో ఫోటోట్యూబు, దాని ఎదుట ముందుకూ వెనక్కూ జరిగే బల్బు, మధ్యలో రంగు ఫిల్టరు పెట్టే గాడి, పక్కన రెండు మీటర్లు. కాంతి పడగానే ట్యూబులోని కాథోడ్ అనే పలక నుంచి ఎలక్ట్రాన్లు వెలువడి, ఎదుటి పలకైన ఆనోడ్‌ను చేరతాయి. ఆనోడ్‌కు ఋణ వోల్టేజీ పెంచుతూ పోతే ఒకచోట అన్నిటికంటే వేగంగా వచ్చే ఎలక్ట్రాన్ కూడా ఆగిపోయి కరెంటు సున్నా అవుతుంది. ఆ వోల్టేజీయే నిరోధక పొటెన్షియల్. దాన్ని ఐదు ఫిల్టర్లతో కొలిచి, పౌనఃపున్యాన్ని అడ్డంగా తీసుకుని గ్రాఫు గీసి, వచ్చిన సరళరేఖ వాలును ఎలక్ట్రాన్ ఆవేశంతో గుణిస్తే స్థిరాంకం వస్తుంది. ఇంటర్మీడియట్‌లో బట్టీ పట్టిన సమీకరణమే కాబట్టి గంటలో ముగుస్తుందని నేనూ, నా జోడీగా ఉన్న స్నేహితురాలూ అనుకున్నాం.

మొదటి రోజు 635 నానోమీటర్ల ఎర్ర ఫిల్టరుకు 0.52 వోల్టులు, 460 నానోమీటర్ల నీలం ఫిల్టరుకు 1.06 వోల్టులు వచ్చాయి. లెక్క వేస్తే స్థిరాంకం 4.8 × 10⁻³⁴ జౌల్ సెకండ్లు అని తేలింది. రావలసింది 6.626. మళ్లీ తీసినా అంతే. జవాబు నుంచి వెనక్కి లెక్క కట్టి రీడింగులు వేసుకొమ్మని సీనియర్లు సలహా ఇచ్చారు. మా ల్యాబులో అది కొత్త విద్యేమీ కాదు. ఆ రాత్రి హాస్టల్లో నేను పెన్సిలుతో అలాంటి పట్టిక ఒకటి వేశాను కూడా.

మర్నాడు రికార్డు చూపించబోతే మాస్టారు పెన్సిలు పట్టికను పక్కన పెట్టి అసలు గ్రాఫు అడిగారు. నీలం వైపు బిందువులు బాగానే ఉన్నాయనీ, ఎరుపు వైపువి మాత్రమే పైకి లేచాయనీ వేలితో చూపించి, “పైన ట్యూబ్‌లైటు ఆర్పారా అమ్మా?” అన్నారు. ఆర్పలేదు. గాడిలో ఫిల్టరు వదులుగా కూర్చోవడం వల్ల, అంచున గోరు పట్టేంత సందు ఉంది.

అంత సన్నని వెలుతురు ఏం చేస్తుందిలే అనుకోవడం, కాంతిని కెరటంగా మాత్రమే చూసే పాత అలవాటు. ఎర్రటి ఫోటాన్, అంటే కాంతి రేణువు, ఒక్కొక్కటి సుమారు 1.95 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి మాత్రమే ఇవ్వగలదు; అలాంటివి కోట్లు కుమ్మరించినా ఏ ఎలక్ట్రానూ అంతకు మించిన వేగం అందుకోదు. ట్యూబ్‌లైటులోని పాదరసపు 436 నానోమీటర్ల నీలి రేఖ నుంచి వచ్చే ఫోటాన్ శక్తి దాదాపు 2.84. అవి కొద్దిపాటివే అయినా, వాటి వల్ల వెలువడిన ఎలక్ట్రాన్లు ఆగేదాకా మీటరు సున్నాకు రాదు. నీలం ఫిల్టరు పెట్టినప్పుడు అసలు కాంతే దాదాపు అంత శక్తి గలది కనుక దొంగ వెలుతురు తేడా పెద్దగా కనపడలేదు.

సందుకు నల్ల ఇన్సులేషన్ టేపు అంటించి, లైటు ఆర్పి, డబ్బా మీద నల్లగుడ్డ కప్పి, సెల్‌ఫోను వెలుగు గుప్పిట్లో దాచుకుని మీటరు చదువుతూ మొత్తం మళ్లీ కొలిచాం. ఎరుపు 0.31కి దిగింది, నీలం 1.04 దగ్గరే నిలిచింది. స్థిరాంకం 6.5 వచ్చింది. బల్బును 25 సెంటీమీటర్ల నుంచి 35కు జరిపితే కరెంటు సగానికి పడిపోయింది గాని నిరోధక పొటెన్షియల్ కదలలేదు. 1902లో జర్మన్ శాస్త్రవేత్త లెనార్డ్ గమనించినదీ, 1905లో ఐన్‌స్టీన్ వివరించినదీ అదే. ఆ వివరణను నమ్మని అమెరికా శాస్త్రవేత్త మిల్లికన్ సుమారు పదేళ్లు శ్రమించి, శూన్యంలోనే సోడియం, లిథియం వంటి లోహాల ఉపరితలాన్ని కత్తితో చెక్కుతూ కొలిచి, చివరికి 1916లో ఐన్‌స్టీన్ సమీకరణమే సరైనదని తన చేతులతోనే నిరూపించవలసి వచ్చింది. మాకు లోహాన్ని చెక్కే బాధ లేదు, టేపు చాలింది.

వైవాలో మాత్రం మరోచోట దొరికిపోయాను. రేఖను వెనక్కి పొడిగిస్తే నిలువు అక్షం మీద వచ్చిన –1.6 వోల్టులు కాథోడ్ పని ప్రమేయమేనని (లోహం నుంచి ఎలక్ట్రాన్‌ను బయటికి లాగడానికి కావలసిన కనీస శక్తేనని) ధీమాగా చెప్పాను. కాథోడ్‌కూ ఆనోడ్‌కూ మధ్య, రెండు వేర్వేరు లోహాలు కావడం వల్ల వాటంతటవే ఏర్పడే వోల్టేజీ, అంటే స్పర్శ పొటెన్షియల్, ఉంటుంది కనుక, సమీకరణంలో కాథోడ్‌ది కొట్టుకుపోయి ఆనోడ్ పని ప్రమేయమే మిగులుతుందని ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ నా చేతే బోర్డు మీద రాయించారు.