రిటైరై వచ్చాక ఎల్‌ఎల్‌బీ: ఫీజు కోసం నేను తిరిగిన దారి

ఇరవై రెండేళ్లు ఆర్మీలో చేసి హవల్దారుగా ఇంటికొచ్చాను. మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. లా చదవాలన్న ఆలోచన మా వీధిలో ఉండే ఒక వదినగారి వల్ల వచ్చింది. ఆవిడ భర్త కూడా ఫౌజీయే. ఆయన పోయాక, ఫ్యామిలీ పెన్షన్ కాగితాల్లో ఆవిడ పేరు తప్పు పడి రెండేళ్లు తిరిగారు. ఆ కాగితాలు నా చేతిలో పెట్టి "చదివి చెప్పు మరిదీ" అన్నప్పుడల్లా సగమే అర్థమయ్యేది నాకు.

ఫీజు సంగతిలో మొదటే పొరబడ్డాను. అమెరికాలో జీఐ బిల్ కింద మాజీ సైనికులకు 36 నెలల వరకు చదువు ఖర్చు ఇస్తారని, లా స్కూలుకీ వాడుకోవచ్చని యూట్యూబ్‌లో చూసి, మనకూ అలాంటిదేదో ఉండే ఉంటుందనుకుని డిశ్చార్జ్ బుక్, పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం), ఐడీ కార్డు జిరాక్సులు సంచిలో వేసుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లాను. అక్కడి పెద్దాయన ఓపిగ్గా చెప్పారు. ప్రైమ్ మినిస్టర్ స్కాలర్‌షిప్ మన పిల్లలకు, భర్త పోయిన ఆడవాళ్లకు. అబ్బాయిలకు నెలకు 2,500, అమ్మాయిలకు 3,000. కేంద్రీయ సైనిక్ బోర్డు ఎడ్యుకేషన్ గ్రాంటు కూడా హవల్దారు, ఆ కింది ర్యాంకుల వాళ్ల ఇద్దరు పిల్లలకు డిగ్రీ దాకా. "మీకు కాదండీ, మీ అమ్మాయికి పెట్టండి" అన్నారు. రిటైరయ్యే సైనికులకు వేరే ఉపాధి కోసం రక్షణ శాఖలోని డీజీఆర్ ఇప్పించే కోర్సులేమో కొన్ని నెలల్లో అయిపోయే శిక్షణలు, మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ వాటిలో ఇమడదు. ఫీజు రీయింబర్స్‌మెంటుకు కుటుంబ ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదు, నా పెన్షనే దాటిపోయింది.

ఆరోజు పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద వశిష్ఠ గోదావరి దాటుతుంటే నిజంగా బాధేసింది. పద్దెనిమిదేళ్ల వయసులో చదువు మానేసి వెళ్లినవాడికి, తిరిగొచ్చాక చదువుకుంటానంటే చేయిపట్టే పథకం ఒక్కటీ లేదా? పిల్లలకు ఇవ్వడం మంచిదే, కాదనను. కానీ నలభైల్లో ఇంటికొచ్చే జవాన్లకూ ఒకటి ఉండాలి, ఈ మాట నేను అడుగుతూనే ఉంటాను.

సరే, లా ప్రవేశ పరీక్ష లాసెట్ రాశాను. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, పేపరు తెలుగులో కూడా ఉంటుంది, వయసు పరిమితి లేదు. సగం మార్కులు న్యాయశాస్త్ర ఆప్టిట్యూడ్‌కే కాబట్టి రాజ్యాంగమే ఎక్కువ చదివాను. ర్యాంకు మీదే సీటొచ్చింది.

అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. సర్టిఫికెట్లు చూపించిన ఒక చోట క్లర్కు నా బీఏ చూసి, "ఇది దూరవిద్య, చెల్లదు" అని ఫైలు పక్కన పెట్టేశాడు. సర్వీసులో ఉండగా ఇగ్నో అనే ఓపెన్ యూనివర్సిటీలో కట్టి, పోస్టింగుల మధ్య పరీక్షలు రాసి తెచ్చుకున్న డిగ్రీ అది. రాత్రంతా నిద్రలేదు. మర్నాడు, లా చదువుకు నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ వాళ్ల 2008 నాటి లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్ ప్రింటు తీయించి, రూల్ 5 కింద వివరణకు గీత గీసి తీసుకెళ్లాను. ఇంటర్ లాంటి కింది చదువు లేకుండా నేరుగా ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేసినవాళ్లకే అభ్యంతరం, ఇంటర్ పాసై ఆ తర్వాత దూరవిద్యలో చేస్తే చెల్లుతుంది. నా ఇంటర్ మెమో ముందు పెట్టాను. ఇంకో ఆయన వచ్చి చదివి, సంతకం పెట్టారు. మీలో ఎవరైనా వెళ్తుంటే టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ వదలకండి, ఆ రూలు కాగితం కూడా దగ్గరుంచుకోండి.

ఫీజు గ్రాట్యుటీలో మిగిలిన డబ్బుతో కట్టాను. ఇల్లు బాగుచేయిద్దామని దాచింది, మా ఆవిడే "ముందు చదువుకో" అంది. అమ్మాయికి ఆ సైనిక్ బోర్డు గ్రాంటుకు దరఖాస్తు పెట్టాం. 2025 నవంబర్ నుంచి అది నెలకు 1,000 నుంచి 2,000 అయింది, కాబట్టి ఆ భారం కొంత తగ్గింది.

లా కోర్సు దూరవిద్యలో కుదరదు, 70 శాతం హాజరు ఉండాల్సిందే. వరద వస్తే పంటు ఆపేస్తారు, అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్తాను. ఇప్పుడు చివరి ఏడాది. లాయరుగా పేరు నమోదు చేసుకునే ఎన్‌రోల్‌మెంటు ఫీజు జనరల్ వాళ్లకు 750 దాటకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది, అది ఇప్పుడే డబ్బాలో వేసి పెట్టాను. మొన్న వదినగారి ఫైలు మళ్లీ తెరిచాను. ఈసారి మొదటి పేజీ నుంచి చివరిదాకా నేనే చదివి వినిపించాను.