ఆస్టిన్ సిరీస్‌కు ప్రివ్యూ రాసిన వారం: నా అనుభవం

2025 ఏప్రిల్ చివరి వారాంతంలో టెక్సాస్ ఏ అండ్ ఎం బేస్‌బాల్ జట్టు ఆస్టిన్ వెళ్లి, టెక్సాస్ విశ్వవిద్యాలయం జట్టుతో (ఇక్కడ దాన్ని టెక్సాస్ అనే అంటారు) మూడు మ్యాచ్‌లు ఆడాల్సి ఉంది. ఏ అండ్ ఎం ఉన్న కాలేజ్ స్టేషన్‌లో ఎమ్మెస్ చదువుతూ విద్యార్థి పత్రిక క్రీడా విభాగంలో పనిచేస్తున్న నాకు ఆ సిరీస్ ప్రివ్యూ అప్పగించారు. ఎడిటర్ చెప్పింది ఒకటే మాట: "కోచ్ కథతో మొదలుపెట్టు."

ఆ కథ మా ఊళ్లో తెలియనివారు లేరు. 2024 జూన్‌లో ఏ అండ్ ఎం జట్టు ఒమాహాలో జాతీయ ఫైనల్ దాకా వెళ్లింది. మూడు మ్యాచ్‌ల ఫైనల్లో మొదటిది గెలిచి, మిగతా రెండూ టెనెసీకి వదులుకుంది. ఆ రాత్రి విలేఖరుల సమావేశంలో, టెక్సాస్‌కు వెళ్తారా అని అడిగితే కోచ్ జిమ్ ష్లాస్‌నేగల్ మండిపడ్డారు. మర్నాడే టెక్సాస్ ఆయనను తమ కోచ్‌గా ప్రకటించింది. రెండు ఊళ్ల మధ్య దూరం సుమారు 100 మైళ్లు, వైరం మాత్రం శతాబ్దం దాటింది. 2022లో ఇదే ఒమాహాలో టెక్సాస్‌ను ఇంటికి పంపిన ఏ అండ్ ఎం జట్టుకు కోచ్ కూడా ఆయనే. ఇక పాఠకులకు వేరే మసాలా ఎందుకు?

కాని నాకు ఆ మొదలు మింగుడుపడలేదు. అందరికీ తెలిసిన కోపాన్ని మళ్లీ వడ్డిస్తే చదివేవాడికి ఒరిగేదేమిటి? కోచ్ బంతి విసరడు, బ్యాటు పట్టడు. శుక్రవారం రాత్రి టీవీ ముందు కూర్చున్నవాడికి, అతను మామూలుగా గమనించని విషయం ఒకటి చెప్పగలిగితేనే ప్రివ్యూకు విలువ. అందుకని కోచ్‌ను పక్కన పెట్టి, ముందుగా పిచ్చర్ల, అంటే బంతి విసిరేవాళ్ల, లెక్కలు తీశాను.

కాలేజీ బేస్‌బాల్‌లో వారాంతపు సిరీస్ అంతా పిచ్చర్ల చేతుల్లో సత్తువ ఎంత మిగిలిందన్న లెక్కే. ఈ రెండు జట్లూ ఆడే ఎస్‌ఈసీ (సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్) లీగ్‌లో 16 జట్లు. ఒక్కో జట్టుకు పది వారాంతాలు, వారానికి మూడు చొప్పున 30 లీగ్ మ్యాచ్‌లు. మొదటి నుంచి బంతి విసిరే స్టార్టర్ వారానికి ఒక్కసారే దిగుతాడు. జట్టులో అందరికంటే మేటి శుక్రవారం వస్తాడు, రెండోవాడు శనివారం. ఆదివారం స్టార్టర్ పేరు చాలా జట్లు చివరిదాకా బయటపెట్టవు. మా గదిలో ఉండే వరంగల్ మిత్రుడికి ఇదంతా చెబుతుంటే మధ్యలోనే అందుకున్నాడు: "అంటే బుమ్రా శుక్రవారం ఒక్కరోజే వేస్తాడన్నమాట. ఆదివారం దాకా అరిగిపోకుండా మిగిలేదెవరు?" నా వ్యాసానికి ఇంతకంటే మంచి ప్రశ్న ఇంకెవరూ ఇవ్వలేదు.

జట్లు విడుదల చేసే నోట్స్ పదుల పేజీలుంటాయి. అందులో మన పనికొచ్చేవి నాలుగైదు పట్టికలే, వాటినీ జాగ్రత్తగా చదవాలి. పిచ్చర్ పేరు పక్కన 5.2 ఇన్నింగ్స్ అని ఉంటే అది దశాంశం కాదు. ఐదు ఇన్నింగ్స్, ఆపైన రెండు అవుట్లు. కంప్యూటర్ పట్టికలో అలాగే ఎక్కించి భాగిస్తే సగటు తప్పుతుంది. ఇన్నింగ్స్‌కు మూడు అవుట్లు కాబట్టి 5.667గా మార్చుకున్న తర్వాతే, మ్యాచ్‌కుండే తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఎన్ని పరుగులిచ్చాడో లెక్క కట్టాలి. రెండో జాగ్రత్త: లీగ్ మొదలుకాక ముందు, ఫిబ్రవరి, మార్చి మొదటి వారాల అంకెలను విడిగా తీసేయాలి. సీజన్ మొదట్లో పెద్ద జట్లు సొంత మైదానంలో బలహీనమైన జట్లను పిలిచి చితక్కొడతాయి. ఆ మ్యాచ్‌లతో అందంగా కనిపించే సగటు ఏప్రిల్‌లో పనికిరాదు. నేను లీగ్ మ్యాచ్‌ల అంకెలనే ఉంచుకున్నాను.

స్టార్టర్ తర్వాత దిగే పిచ్చర్ల, అంటే రిలీవర్ల, పట్టిక నేనే తయారుచేసుకున్నాను, ఎందుకంటే ఆ రూపంలో ఎవరూ ఇవ్వరు. గత వారాంతంలో ఎవరు ఏ రోజు ఎన్ని బంతులు విసిరారు, మంగళవారం మ్యాచ్‌లో ఎవరిని వాడారు అన్నవి స్కోరు పత్రాల నుంచి ఒక్కొక్కటీ ఏరుకోవాలి. విసుగెత్తించే పని. అయినా శుక్రవారం ఏడో ఇన్నింగ్స్‌లో కోచ్ ఎవరిని పిలుస్తాడో, ఎవరిని పిలవలేడో చెప్పేది అదే. 2023 నుంచి ఎస్‌ఈసీలో, ఏడు ఇన్నింగ్స్ తర్వాత పది పరుగుల తేడా ఉంటే మ్యాచ్ అక్కడితో ముగుస్తుంది. చిత్తుగా ఓడినవాడికి అది పరువు నష్టమే, కాని రెండు ఇన్నింగ్స్ బంతులు మిగులుతాయి. ఈ లాభం గురించి వ్యాఖ్యాతలు ఎందుకు ఎక్కువగా మాట్లాడరో నాకు అర్థం కాదు.

ఏ అండ్ ఎం తరఫున కథ ఒడిదొడుకుల మయం. సీజన్‌కు ముందు దేశంలో నంబర్ వన్‌గా లెక్కించిన జట్టు అది. మూడో బేస్ ఆటగాడు గావిన్ గ్రహోవాక్ భుజం గాయంతో సీజన్ మొదట్లోనే దూరమయ్యాడు. లీగ్ మొదలైన వారాల్లో జట్టు దెబ్బమీద దెబ్బ తింది. అంతలోనే నాక్స్‌విల్ వెళ్లి, డిఫెండింగ్ చాంపియన్ టెనెసీ మీద సిరీస్ గెలుచుకొచ్చింది. ఇలాంటి జట్టు గురించి ఏ వాక్యం రాసినా వారం తిరిగేసరికి పాచిపోతుంది. అటువైపు టెక్సాస్, ఎస్‌ఈసీలో అది మొదటి ఏడాదే అయినా పట్టికలో అగ్రస్థానంలో ఉంది. వాళ్ల మేటి బ్యాటర్ మ్యాక్స్ బెల్యూ మాత్రం బొటనవేలి గాయంతో బెంచీకే పరిమితం.

టెక్సాస్ కోచింగ్ సిబ్బంది జాబితా తిరగేస్తుండగా నాకు కావలసిన తీగ దొరికింది. ష్లాస్‌నేగల్ ఒక్కరే ఆస్టిన్ వెళ్లలేదు. 2024లో ఏ అండ్ ఎం పిచ్చర్లకు శిక్షణ ఇచ్చిన మ్యాక్స్ వైనర్ కూడా ఆయన వెంట వెళ్లాడు. ఇక మా శుక్రవారం స్టార్టర్ ఎవరు? ర్యాన్ ప్రేగర్. మోచేతి శస్త్రచికిత్స వల్ల 2023 సీజన్ మొత్తం పోగొట్టుకుని, 2024లో వైనర్ దగ్గరే నిలదొక్కుకున్న ఎడమచేతి పిచ్చర్. ఆ ఏడాది కొత్త ఆటగాళ్ల ఎంపికలో ప్రొఫెషనల్ జట్టు ఏంజెల్స్ మూడో రౌండ్‌లో తీసుకున్నా ఒప్పందం చేసుకోకుండా కాలేజీకే తిరిగొచ్చాడు. రెండో ఎడమచేతి పిచ్చర్ జస్టిన్ లామ్‌కిన్ కూడా 2024లో వైనర్ శిష్యుడే. అంటే ఏ అండ్ ఎం ముఖ్యమైన చేతుల గుట్టుమట్లు అవతలి డగౌట్‌లో కూర్చున్నాయి.

దీనివల్ల నిజంగా తేడా ఉంటుందా? హైస్కూల్లో పిచ్చర్‌గా ఆడిన సహోద్యోగిని అడిగాను. ఏ బంతి వేయాలో పిచ్చర్‌కు చెప్పే సంకేతాల గొడవ పెద్దది కాదన్నాడు, అవి మార్చుకోవచ్చు, పైగా ఇప్పుడు చాలా జట్లు చేతికి కట్టుకునే పరికరం ద్వారానే పంపుకుంటాయి. "మార్చుకోలేనిది ఒకటుంది," అన్నాడు. "అలసినప్పుడు ఏ బంతి అదుపు తప్పుతుందో, రెండు స్ట్రైకుల మీద (మూడోది పడితే బ్యాటర్ అవుట్) దేన్ని నమ్ముకుంటాడో. ఏడాది పాటు పక్కన నిలబడి చూసినవాడికి అది తెలుస్తుంది." ఈ కత్తికి రెండో అంచు కూడా ఉంది. ఏ అండ్ ఎం కొత్త ప్రధాన కోచ్ మైకేల్ ఎర్లీ 2024 దాకా ష్లాస్‌నేగల్ కింద బ్యాటింగ్ కోచే. పాత యజమాని ఏ సందర్భంలో పిచ్చర్‌ను మారుస్తారో ఆయన దగ్గరుండి చూశాడు.

కోచ్ కథకు బంతితో సంబంధం ఉన్న చోటు ఇదే అనుకున్నాను. ఎడిటర్ కోరిక తీరింది, నా పంతమూ నెగ్గింది. మొదటి పేరా వైనర్, ప్రేగర్‌లతో మొదలైంది. ష్లాస్‌నేగల్ విలేఖరుల సమావేశం నాలుగో పేరాలో రెండు వాక్యాలకు కుదించుకుపోయింది.

చివరి భాగానికి ఒక్క తలపడటాన్ని దగ్గరగా చూపాలనుకున్నాను. అప్పటి ఏ అండ్ ఎంలో హోమ్ రన్‌లకు (మన సిక్సర్ల లాంటివి) పెట్టింది పేరు జేస్ లావియొలెట్, ఎడమచేతి బ్యాటర్. టెక్సాస్ ఆధిక్యంలో ఉంటే ఆఖరి ఇన్నింగ్స్‌లలో వచ్చేది డిలన్ వొలాంటిస్, అప్పటికి మొదటి ఏడాది కుర్రవాడు, ఎడమచేతి పిచ్చర్. ఎడమచేతి పిచ్చర్ వంపు బంతి ఎడమచేతి బ్యాటర్‌కు దూరంగా జారిపోతుంది, బ్యాటు దాని వెంట చాచుకుంటూ వెళ్తుంది. మొదట మీదికి వస్తున్నట్టు కనిపించి చివరిలో పక్కకు తప్పుకునే బంతిని వదిలేయడం ఎంత కష్టమో క్రికెట్ ఆడినవారికి చెప్పనక్కరలేదు. "ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఈ ఇద్దరూ ఎదురైతే రెండో స్ట్రైక్ తర్వాత లావియొలెట్ పాదాలు చూడండి" అని రాశాను. ఎడిటర్ ఆ వాక్యాన్ని కొట్టేయబోయాడు, నేను ఒప్పుకోలేదు.

అంచనా లేకుండా ప్రివ్యూ అచ్చువేయరు. మొగ్గు టెక్సాస్‌కే అని రాసి, ఒక షరతు చేర్చాను: ప్రేగర్ శుక్రవారం ఏడో ఇన్నింగ్స్ దాకా నిలబడితే ఆదివారానికి ఏ అండ్ ఎం దగ్గర అలసిపోని చేతులు మిగులుతాయి, లేకపోతే మిగలవు. పంపే ముందు మిత్రుడికి చదివి వినిపించాను. మధ్యలో ఉన్న రెండు సగటుల దగ్గర ఆవలించాడు, వాటిని తీసేశాను.

శీర్షిక పెట్టే అధికారం మాత్రం నాది కాదు. అచ్చయిన ప్రతిలో పెద్దక్షరాలతో ష్లాస్‌నేగల్ పేరే ఉంది. ఆస్టిన్‌లో మూడు మ్యాచ్‌లూ టెక్సాసే గెలిచింది. ఆ తర్వాత లీగ్ టైటిల్ కూడా దానికే దక్కింది. ఏ అండ్ ఎంకు ఆ ఏడాది జాతీయ టోర్నీలో చోటే దొరకలేదు. ఆ సిరీస్ తర్వాత పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత కోచ్‌ను తిట్టినవే. ఒకాయన మాత్రం రిలీవర్ల పట్టికను ప్రతి వారం వేయమని అడిగాడు. ఎడిటర్ ఒప్పుకున్నాడు, తయారుచేసే పని నాకే అంటగట్టాడు.